కొమ్ము విచ్చుకోకముందే

టీకాల చరిత్ర – 12వ భాగం

పోలియో వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపి, ఆ చచ్చిన వైరస్‌నే టీకాగా మార్చిన జోనస్ సాక్ కథ కిందటి భాగంలో చెప్పుకున్నాం. 1955 ఏప్రిల్ 12న ఆ టీకా పనిచేస్తోందని ప్రకటించగానే అమెరికాలో చర్చి గంటలు మోగాయి. ఆ సంబరంతోపాటు ఒక నమ్మకం కూడా వైద్యలోకంలో స్థిరపడింది: ఏ వైరస్‌నైనా పెంచి, ఫార్మలిన్‌తో చంపి, సూదితో ఎక్కిస్తే టీకా అయిపోతుందని. పదేళ్ళు దాటాయో లేదో, ఆ నమ్మకం ఇద్దరు పసివాళ్ళ ప్రాణాలు తీసింది. కరోనా టీకా ఎలా పుట్టింది, భుజంలోకి దిగాక ఒంట్లో ఏం చేసింది అన్నది అర్థం కావాలంటే కథను అక్కణ్ణించే ఎత్తుకోవాలి.

ఆ వైరస్ పేరు రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్, పొట్టిగా ఆర్‌ఎస్‌వీ. పెద్దవాళ్ళకు వస్తే నాలుగు రోజుల జలుబు. ఏడాది నిండని బిడ్డకు వస్తే ఊపిరితిత్తుల చివర ఉండే సన్నటి గొట్టాలు వాచిపోతాయి. బిడ్డ పాలు తాగలేదు, నిద్రపోలేదు, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి కోసం పెనుగులాడుతుంది. 1950ల చివర్లో రాబర్ట్ చానాక్ అనే వైద్యుడు ఈ వైరస్‌ను జబ్బుపడ్డ పిల్లల నుంచి వేరుచేశాక, దానికి టీకా కనిపెట్టాలన్న పట్టుదల మొదలైంది. సాక్ దారి సిద్ధంగానే ఉంది. వైరస్‌ను పెంచారు, ఫార్మలిన్‌తో చంపారు, 1966లో వాషింగ్టన్‌లోనూ మరికొన్ని చోట్లా పసిపిల్లలకు వేశారు. రక్తం తీసి చూస్తే యాంటీబాడీలు పుష్కలంగా పుట్టాయి. అంతా బాగానే ఉందనుకున్నారు.

తర్వాత అసలు వైరస్ వచ్చింది. టీకా పడని పిల్లల్లో అది సోకినవాళ్ళు నూటికి ఐదుగురు ఆసుపత్రి పాలైతే, టీకా పడ్డవాళ్ళలో నూటికి ఎనభై మంది ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. కాపాడాల్సిన టీకా జబ్బును మరింత భయంకరంగా మార్చింది. పరీక్షను ఆపేశారు. ఎందుకిలా జరిగిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళపాటు ఆర్‌ఎస్‌వీ టీకా మాట ఎత్తిన ప్రతి సమావేశంలోనూ ఆ ఇద్దరు బిడ్డల ప్రస్తావన వచ్చేది.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. 2021లో మన ఊళ్ళల్లో టీకా శిబిరం దాకా వచ్చి వెనక్కి తిరిగినవాళ్ళున్నారు. ఇంత త్వరగా చేసిన మందు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని వాళ్ళడిగారు. చదువురాని భయమని వాళ్ళను తీసిపారేసినవాళ్ళూ ఉన్నారు. అది తప్పు. సరిగ్గా అదే ప్రశ్న టీకా తయారుచేసేవాళ్ళను 1966 నుంచి నిద్రపోనివ్వలేదు. కరోనా టీకా ఆకారాన్ని తీర్చిదిద్దింది ఆ భయమే.

కరోనా వైరస్‌లు కొత్తవేమీ కావు. 1960లలో లండన్‌లో జూన్ అల్మైడా అనే స్కాట్లాండ్ మహిళ, పదహారేళ్ళకే చదువు మానేసి లాబ్ టెక్నీషియన్‌గా జీవితం మొదలుపెట్టిన మనిషి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వాటిని మొదటిసారి స్పష్టంగా చూసింది. గుండ్రటి వైరస్, దాని చుట్టూ పొడుచుకొచ్చిన కొమ్ములు. జలుబు తెచ్చే వైరస్‌ల కుటుంబం కనక లోకం పెద్దగా పట్టించుకోలేదు. 2002 చివర్లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో సార్స్ పుట్టి, ఎనిమిది వేల మందికి పైగా సోకి, 774 మందిని చంపాక గానీ ఈ కుటుంబానికున్న శక్తి తెలియలేదు. అప్పుడు సార్స్‌కు టీకాలు చెయ్యడం మొదలైంది. జంతువుల మీద పరీక్షిస్తే, కొన్ని టీకాలు వేసిన ఎలుకల ఊపిరితిత్తుల్లో 1966 నాటి పిల్లల్ని తలపించే వాపు కనిపించింది. పాత భయం కొత్త వైరస్ దగ్గరా ఎదురైంది.

ఈ ముడి విప్పడానికి జీవితం ధారపోసినవాడు బార్నీ గ్రాహం. 1980ల నుంచి, మొదట వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో, తర్వాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల టీకా పరిశోధన కేంద్రంలో, ఆర్‌ఎస్‌వీ టీకా ఎక్కడ దెబ్బతిందో వెతుకుతూ వచ్చాడు. 2008లో అదే కేంద్రానికి జేసన్ మెక్‌లెల్లన్ అనే యువకుడు వచ్చాడు. ప్రొటీన్ల ఆకారాలు గీయడంలో ఆరితేరుతున్నవాడు, ఎయిడ్స్ వైరస్ మీద పనిచేద్దామని వచ్చినవాడు. అతన్ని చేర్చుకున్న పీటర్ క్వాంగ్ ప్రయోగశాలలో చోటు చాలక, గ్రాహం బృందం ఉన్న అంతస్తులో బల్ల ఇచ్చారు. బల్ల పక్కన బల్ల కావడంతో మాటలు కలిశాయి, మాటల్లోంచి ఆర్‌ఎస్‌వీ పని పుట్టింది. విజ్ఞానశాస్త్ర చరిత్రలో గొప్ప మలుపుల వెనక ఇలాంటి చిన్న కారణాలు ఎన్ని ఉన్నాయో ఈ ధారావాహిక చదువుతున్నవాళ్ళకు ఈపాటికి తెలుసు.

వాళ్ళు కనిపెట్టిందేమిటో కాస్త నిదానంగా చెప్పుకోవాలి. కరోనాకు కొమ్ము ప్రొటీన్ ఉన్నట్టే ఆర్‌ఎస్‌వీ పైన కూడా ఒక ప్రొటీన్ ఉంటుంది. మన కణంలోకి దూరడానికి వైరస్‌కున్న సాధనం అదే. ఊళ్ళో పిల్లలు ఎంగిలి తడి చేసి పేల్చే చిటపట కాయలు చూసే ఉంటారు. కాయ బిగువుగా ముడుచుకుని ఉంటుంది, తడి తగలగానే టప్పున చిట్లి రెండు చెక్కలవుతుంది, ఆ తర్వాత మళ్ళీ ముడుచుకోదు. వైరస్ పైనుండే ఆ ప్రొటీనూ అంతే. కణాన్ని తాకక ముందు పొట్టిగా బిగుసుకుని ఉంటుంది. తాకిన క్షణంలో విచ్చుకుని, పొడవుగా సాగి, కణపు పొరలోకి గుచ్చుకుని, వైరస్ పొరనూ కణం పొరనూ కలిపేస్తుంది. వైరస్‌ను ఆపాలంటే యాంటీబాడీ దాన్ని విచ్చుకోకముందే పట్టుకోవాలి. విచ్చుకున్నాక పట్టుకుని ప్రయోజనం లేదు.

చిక్కేమిటంటే ఆ ప్రొటీన్ మహా తొందరది. వైరస్‌ను చంపి నిల్వ చేసేటప్పుడు దానంతటదే విచ్చుకుపోతుంది. 1966 నాటి టీకాలో పిల్లల శరీరాలకు చూపించింది ఎక్కువగా ఆ విచ్చుకుపోయిన రూపాన్నే. శరీరం నమ్మకంగా దానికి సరిపోయే యాంటీబాడీలు తయారుచేసుకుంది. అసలు వైరస్ వచ్చినప్పుడు అవి దానికి అంటుకున్నాయి గానీ ఆపలేకపోయాయి. దానికి తోడు, ఆ టీకా రోగనిరోధక వ్యవస్థను తప్పు దారిలో నడిపింది. వైరస్‌ను తుదముట్టించే కణాలకు బదులు వాపు పెంచే కణాలు ఊపిరితిత్తుల్లో చేరాయి. 2013లో మెక్‌లెల్లన్, గ్రాహం, క్వాంగ్‌ల బృందం ఆ ప్రొటీన్ విచ్చుకోకముందు ఎలా ఉంటుందో చూపించింది. అదే ఏడాది దాన్ని ఆ రూపంలోనే గడ్డకట్టినట్టు నిలిపే మార్పులు చేసింది. అలా నిలిపిన ప్రొటీన్‌ను తర్వాత మనుషులకిచ్చి చూస్తే వైరస్‌ను ఆపగల యాంటీబాడీలు పది రెట్లకు పైగా పెరిగాయి. ఈ దారిలోనే 2023లో వృద్ధులకూ, గర్భిణుల ద్వారా పుట్టబోయే బిడ్డలకూ రక్షణ ఇచ్చే ఆర్‌ఎస్‌వీ టీకాలు ఆమోదం పొందాయి.

ఇక కరోనాల వంతు. 2012లో సౌదీ అరేబియాలో మెర్స్ బయటపడింది. అదీ కరోనా కుటుంబమే. సోకినట్టు తేలినవాళ్ళలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా చనిపోయారు. మెక్‌లెల్లన్ అప్పటికి డార్ట్‌మత్ కళాశాలలో సొంత ప్రయోగశాల పెట్టుకున్నాడు. మెర్స్ కొమ్ము ఎంతకూ చేతికి చిక్కకపోతే, జలుబు తెచ్చే హెచ్‌కేయూ1 అనే అమాయకపు కరోనా కొమ్మును పట్టుకుని, దాని ఆకారాన్ని 2016లో ప్రకటించారు. ఆ పటాన్ని ముందు పెట్టుకుని, ప్రయోగశాలలో పనిచేసే న్యాన్‌షువాంగ్ వాంగ్ మెర్స్ కొమ్మును విచ్చుకోకుండా ఆపే మార్పుల్ని ఒక్కొక్కటిగా వెతుకుతూ పోయాడు. చివరికి దొరికిందేమిటంటే, కొమ్ములో మడత తిరిగే చోట పక్కపక్కనే ఉన్న రెండు ఎమినో ఆమ్లాల్ని తీసి వాటి స్థానంలో ప్రోలీన్ అనే ఎమినో ఆమ్లాన్ని పెట్టడం. ప్రోలీన్ వంగని మనిషి లాంటిది, దాని ఆకారం బిగువు. అది ఉన్నచోట కొమ్ము సాగలేదు. మామూలుగా చూస్తే చాలా చిన్న మార్పు. 2020లో వచ్చిన వైరస్ కొమ్ములో ఉన్నది మొత్తం 1273 ఎమినో ఆమ్లాలు, వాటిలో మార్చింది రెండే, 986, 987 స్థానాల్లో. ఈ పరిశోధన పత్రాన్ని కొన్ని పత్రికలు తిప్పి పంపాయి. చివరికి 2017లో అచ్చయింది. అప్పట్లో దాని గురించి పట్టించుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

మరోవైపు కాతలిన్ కారికో కథ నడుస్తోంది. హంగరీ నుంచి 1985లో, కూతురి బొమ్మ ఎలుగుబంటిలో దాచి కుట్టిన కొద్దిపాటి డబ్బుతో అమెరికా చేరిన ఆమె గురించి 2023లో నోబెల్ వచ్చాక పత్రికలన్నీ రాశాయి కనక ఇక్కడ పొడిగించను. టీకా కథకు కావలసింది ఇంతే. కొమ్మును కర్మాగారంలో తయారుచేసి ఎక్కించే బదులు, దాన్ని తయారుచెయ్యమనే ఆదేశాన్ని ఎంఆర్‌ఎన్‌ఏ రూపంలో పంపితే మన కణాలే ఆ పని చేసిపెడతాయి. కానీ బయటి నుంచి వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏను చూడగానే శరీరం దాడి అనుకుని మంట పుట్టిస్తుంది. అందులోని ఒక అక్షరాన్ని, యూరిడిన్‌ను, కాస్త మార్చి రాస్తే శరీరం అలా ఎదురు తిరగదని కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో చూపించారు. మిగిలిన అడ్డంకి, ఆ సుకుమారమైన ఎంఆర్‌ఎన్‌ఏను కణం లోపలికి పగలకుండా చేర్చడం. కొవ్వు పదార్థాలతో అతి సూక్ష్మమైన గోళాలు చేసి అందులో చుట్టే పద్ధతి అప్పటికే వేరే జబ్బులకు మందుల కోసం నడుస్తోంది. 2018లో అలాంటి మందొకటి ఆమోదం కూడా పొందింది.

అంటే 2019 డిసెంబర్ నాటికి సామాన్లన్నీ ఉన్నాయి. వూహాన్‌లో అంతుబట్టని న్యుమోనియా వార్త డిసెంబర్ 31న ప్రపంచ ఆరోగ్య సంస్థకు చేరింది. జనవరి మొదటివారంలో మెక్‌లెల్లన్ యూటాలోని మంచుకొండల దగ్గర కుటుంబంతో సెలవు గడుపుతూ, మంచు మీద జారే ఆటకు బూట్లు సరిచేయించుకుంటూ ఉండగా గ్రాహం నుంచి ఫోన్ వచ్చింది, ఇది కరోనాయే అయ్యేలా ఉందని. షాంఘైలో జాంగ్ యాంగ్‌జెన్ బృందం ఆ వైరస్ జన్యుక్రమాన్ని అప్పటికే చదివేసింది. జనవరి 11న, ఆస్ట్రేలియాలోని ఎడ్వర్డ్ హోమ్స్ సాయంతో, దాన్ని లోకమంతటికీ తెరిచిపెట్టారు. ఇది మామూలు సాహసం కాదు. జాంగ్ ఆ పని చెయ్యకపోతే మిగతా కథ ఎన్ని వారాలు ఆలస్యమయ్యేదో, ఆ వారాల్లో ఎన్ని ఇళ్ళు ఖాళీ అయ్యేవో ఊహించుకోవచ్చు.

రెండు ప్రోలీన్లు ఎక్కడ పెట్టాలో ముందే తెలుసు. జనవరి 13 నాటికి మోడెర్నా టీకాకు కావలసిన అక్షరక్రమం ఖరారైపోయింది. ఫిబ్రవరిలో మెక్‌లెల్లన్ బృందం, అప్పటికి ఆస్టిన్‌కు మారింది, కొత్త కొమ్ము ఆకారాన్ని ప్రకటించింది. మార్చి 16న సియాటిల్‌లో మొదటి వాలంటీరుకు సూది పడింది. మన దేశంలో లాక్‌డౌన్ ఇంకా మొదలుకాలేదు. జర్మనీలోని మైంజ్‌లో ఉగుర్ షాహిన్, ఓజ్లెమ్ త్యురెజి దంపతుల బయోఎన్‌టెక్ సంస్థ ఫైజర్‌తో కలిసి తయారుచేసిన టీకాలోనూ అదే రెండు ప్రోలీన్లు. ఏడాదిలో టీకా వచ్చిందంటారు. 1966 నుంచి లెక్కవేస్తే యాభై నాలుగేళ్ళు పట్టింది. చివరి ఏడాదిలో వేగం పెరగడానికి ఇంకో కారణం డబ్బు. టీకా పనిచేస్తుందో లేదో తెలియకముందే ప్రభుత్వాలు కోట్లు గుమ్మరించి కర్మాగారాలు నడిపించాయి. ఒక దశ ముగిశాక గానీ మొదలుకాని పనులు పక్కపక్కనే సాగాయి. పరీక్షలో పాల్గొనేవాళ్ళ సంఖ్యను మాత్రం తగ్గించలేదు.

ఇప్పుడు భుజం దగ్గరికి వద్దాం. సూది దిగాక ఆ కొవ్వు గోళాల్ని కండరంలోనూ, చుట్టుపక్కలా ఉన్న కణాలు లోపలికి తీసుకుంటాయి. ఎంఆర్‌ఎన్‌ఏ కణకేంద్రకంలోకి వెళ్ళదు. మన జన్యువుల జోలికి పోదు. కణద్రవంలో ఉండి కొమ్ముల్ని తయారుచేయిస్తుంది, కొద్దిరోజుల్లో విచ్ఛిన్నమైపోతుంది. కొమ్మొక్కటే ఉంటే జబ్బు రాదు. అది వైరస్‌లో ఒక భాగం మాత్రమే, తనంతట తాను పెరగలేదు. రోగనిరోధక కణాలు ఆ కొమ్ము ముక్కల్ని తీసుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథులకు, అంటే చంకలోని గ్రంథులకు చేరవేస్తాయి. టీకా తర్వాత చంకలో బిళ్ళ కట్టిందని కొందరు కంగారుపడ్డారు, గుర్తుండే ఉంటుంది. అక్కడ పని జోరుగా జరుగుతోందనడానికి అది గుర్తు.

ఆ గ్రంథుల్లో జరిగేది నిజంగా అద్భుతం. మన ఒంట్లో కోట్ల రకాల బి-కణాలు తిరుగుతుంటాయి, ఒక్కోదానికి ఒక్కో ఆకారాన్ని పట్టే యాంటీబాడీ. కొమ్ముకు ఎంతో కొంత సరిపోయే కణం ఎదురుపడగానే అది విభజన చెందడం మొదలుపెడుతుంది. విభజన చెందే ప్రతిసారీ దాని యాంటీబాడీలో చిన్నచిన్న మార్పులు వస్తాయి. కొమ్మును మరింత గట్టిగా పట్టేవి నిలుస్తాయి, పట్టలేనివి రాలిపోతాయి. వారాల తరబడి ఈ వడపోత సాగుతుంది. రెండో డోసుకు వ్యవధి ఇవ్వడంలో ఉన్న మర్మం ఇదే. చివరికి కొన్ని కణాలు ఎముక మజ్జలో స్థిరపడి యాంటీబాడీలు వదులుతూ ఉంటాయి. మరికొన్ని స్మృతికణాలుగా మారి ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటాయి. వీటితోపాటు టి-కణాలూ తయారవుతాయి. యాంటీబాడీ వైరస్‌ను కణంలోకి దూరకముందే అడ్డగిస్తే, టి-కణం ఇప్పటికే వైరస్ దూరిన కణాన్ని వెతికి చంపుతుంది.

ఇదంతా ఫలించిందో లేదో చెప్పింది ఒక లెక్క. ఫైజర్ పరీక్షలో 43 వేల మందికి పైగా పాల్గొన్నారు. సగం మందికి టీకా, సగం మందికి ఉప్పునీరు. ఎవరికేది పడిందో వాళ్ళకూ తెలియదు, వాళ్ళను పరీక్షించిన వైద్యులకూ తెలియదు. మొత్తం 170 మందికి లక్షణాలతో కోవిడ్ వచ్చేదాకా ఎదురుచూసి చీటీలు విప్పారు. ఉప్పునీరు పడ్డవాళ్ళు 162 మంది, టీకా పడ్డవాళ్ళు 8 మంది. 95 శాతం అన్న అంకె ఇందులోంచి వచ్చింది. టీకా వేసుకుంటే నూటికి ఐదుగురికి జబ్బు వస్తుందని చాలామంది దాన్ని పొరపాటుగా అర్థం చేసుకున్నారు. టీకా లేనివాళ్ళలో వందమందికి జబ్బు వచ్చే చోట, టీకా ఉన్నవాళ్ళలో ఐదుగురికే వస్తుందని దానర్థం. 1966 నాటి విషాదం మళ్ళీ జరుగుతోందా అని కూడా ఇదే లెక్కలో కళ్ళు చించుకుని చూశారు. జరగలేదు. జబ్బు ముదిరిన కొద్దిమందిలోనూ దాదాపు అందరూ ఉప్పునీరు పడ్డవాళ్ళే.

హైదరాబాద్ కథ వేరే దారిన సాగింది. భారత్ బయోటెక్ ఎంచుకున్నది సాక్ నాటి పద్ధతే. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసి ఇచ్చిన వైరస్‌ను జీనోమ్ వ్యాలీలో, కట్టుదిట్టమైన భద్రత ఉన్న గదుల్లో, కోతి మూత్రపిండ కణాల మీద పెంచారు. చంపడానికి ఫార్మలిన్ కాకుండా బీటా-ప్రొపియోలాక్టోన్ వాడారు. చంపిన వైరస్ టీకా అనగానే ఆర్‌ఎస్‌వీ గుర్తుకు రాక తప్పదు. అందుకే టీకాలో కలిపే సహాయక పదార్థం దగ్గర జాగ్రత్తపడ్డారు. మామూలుగా వాడే అల్యూమినియం లవణం ఒక్కటే అయితే రోగనిరోధక వ్యవస్థను ఆ పాత తప్పుదారి వైపు మొగ్గేలా చేసే ప్రమాదం ఉంది. దానికి అమెరికాలోని కాన్సస్‌లో వైరోవాక్స్ అనే చిన్న సంస్థ తయారుచేసిన అణువును జోడించారు. అది శరీరాన్ని వైరస్‌ను చంపే దారి వైపు తిప్పుతుంది. 20 రీసస్ కోతుల మీద పరీక్షించి, వైరస్ సోకించాక వాటి ఊపిరితిత్తులు చూశారు. టీకా పడిన కోతుల్లో న్యుమోనియా జాడ లేదు. మొదటి దశ పరీక్షకు సిద్ధపడ్డ ఆసుపత్రుల్లో మన నిమ్స్ ఒకటి.

అయితే ఒక విషయం చెప్పకుండా దాటిపోలేను. మూడో దశ ఫలితాలు రాకముందే, 2021 జనవరి 3న, ఈ టీకాకు, అంటే కొవాగ్జిన్‌కు, అత్యవసర అనుమతి ఇచ్చారు. అంతకు ముందు జులైలో, ఆగస్టు 15కల్లా టీకా సిద్ధం కావాలన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి నుంచి ఆసుపత్రులకు లేఖ వెళ్ళింది. శాస్త్రజ్ఞులే తప్పుపట్టారు. టీకా మంచిదే కావచ్చు, కానీ రుజువు చేతికి రాకముందే నమ్మమనడం వల్ల నమ్మకం దెబ్బతింది. మొదటి వారాల్లో వైద్య సిబ్బందే కొందరు వెనకాడారు. 25 ఆసుపత్రుల్లో సుమారు 25,800 మంది మీద జరిగిన ఆ పరీక్ష ఫలితం తర్వాత వచ్చింది. జబ్బు వచ్చిన 130 మందిలో 106 మంది టీకా పడనివాళ్ళు, 24 మంది టీకా పడ్డవాళ్ళు. 77.8 శాతం రక్షణ. 2021 నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు దొరికింది. అంకెలు ముందొచ్చి అనుమతి తర్వాత వచ్చివుంటే ఎంత బాగుండేదో.

దేశంలో టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో మొదటి సూది ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. ఏడాదిపాటు కోవిడ్ వార్డుల్ని ఊడ్చి తుడిచిన చేతులకు ఆ గౌరవం న్యాయంగా దక్కింది. మన దేశంలో ఎక్కువమందికి పడింది కోవిషీల్డ్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సారా గిల్బర్ట్ బృందం రూపొందించి పుణె సీరం సంస్థ తయారుచేసినది. చింపాంజీ జలుబు వైరస్‌ను పెరగకుండా చేసి, దాని చేత కొమ్ము జన్యువును మోయించారు. అందులో ప్రోలీన్ల మార్పు లేదు, అయినా పనిచేసింది. ఏప్రిల్, మే నెలల్లో కరోనా డెల్టా రకం ఊళ్ళమీద పడేనాటికి టీకా అందినవాళ్ళు చాలా తక్కువ. ఆ రెండు నెలలూ ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు తీసినవాళ్ళకు, టీకా మూడు నెలలు ముందొచ్చివుంటే అన్న ఆలోచన ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది.

హైదరాబాద్‌లోనే బయొలాజికల్-ఇ తయారుచేసిన కార్బెవాక్స్‌ది మరో ముచ్చట. హ్యూస్టన్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొటాజీ సార్స్ టీకా కోసం దాదాపు పదేళ్ళు శ్రమించారు. మనుషుల మీద పరీక్షకు డబ్బిచ్చేవాళ్ళు లేక అది ఫ్రీజర్‌లో ఉండిపోయింది. పాత భయం వాళ్ళనూ నడిపించింది. మొత్తం కొమ్మును ఇచ్చే బదులు, అది మన కణాన్ని పట్టుకునే కొస భాగాన్ని మాత్రమే తీసుకుంటే ప్రమాదం తగ్గుతుందని అనుకున్నారు. హెపటైటిస్-బి టీకా లాగే ఈస్టులో దాన్ని పెంచొచ్చు. పేటెంట్ తీసుకోకుండా ఆ విద్యను ఇచ్చేశారు. 2022 మార్చి 16 నుంచి మన దేశంలో 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వేసింది ఈ టీకానే.

టీకాలకు నష్టాలు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. ఆక్స్‌ఫర్డ్ తరహా టీకాలతో బహు అరుదుగా రక్తం గడ్డలు కట్టే జబ్బు వచ్చింది. 2021 మార్చిలో యూరప్‌లో దాన్ని పసిగట్టి, చాలా దేశాలు చిన్న వయసువాళ్ళకు ఆ టీకా ఆపేశాయి. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలతో యువకుల్లో కొద్దిమందికి గుండె కండరం వాచింది. వీటిని దాచకుండా వెతికి పట్టుకోగలగడం ఆ వ్యవస్థకు బలం. మరోపక్క, మొదటి ఏడాదిలోనే ఈ టీకాలు ప్రపంచంలో సుమారు 1.98 కోట్ల మరణాల్ని ఆపాయని లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు అంచనా కట్టారు.

రెండు డోసులూ వేసుకున్నా కరోనా వచ్చిందే, ఇక టీకా దేనికి? ఒమిక్రాన్ వచ్చిన 2022 జనవరిలో ఇంటింటా వినిపించిన ప్రశ్న. దీనికి రెండు జవాబులున్నాయి. భుజానికి వేసిన టీకా యాంటీబాడీల్ని ప్రధానంగా రక్తంలో నింపుతుంది. ముక్కు లోపలి తడిపొర మీదికి అవి చేరేది కొద్దిగా, అదీ కొన్ని నెలలే. వైరస్ మొదట దిగేది అక్కడ. అందుకే ముక్కులో అంటుకోవడాన్ని టీకా పూర్తిగా ఆపలేకపోయింది, ఊపిరితిత్తుల దాకా దిగకుండా చాలామందిలో ఆపింది. రెండోది, ఒమిక్రాన్ కొమ్ములో ముప్పైకి పైగా మార్పులు వచ్చాయి. పాత యాంటీబాడీల్లో చాలావాటికి పట్టు తప్పింది. టి-కణాలు అలా మోసపోలేదు. అవి గుర్తుపట్టేది కొమ్ములోని చిన్నచిన్న ముక్కల్ని, వాటిలో ఎక్కువ భాగం మారలేదు. జ్వరం వచ్చి మూడు రోజుల్లో లేచి తిరిగినవాళ్ళ ఒంట్లో ఆ కణాలు పనిచేస్తూనే ఉన్నాయి.

ముక్కు దగ్గరే వైరస్‌ను ఆపాలన్న ప్రయత్నమూ హైదరాబాద్ దాకా వచ్చింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న చుక్కల టీకాను భారత్ బయోటెక్ ఇన్‌కొవాక్ పేరుతో 2023 జనవరి 26న విడుదల చేసింది. అందులోని కొమ్ము కూడా విచ్చుకోకుండా నిలిపినదే. అప్పటికి జనం మాస్కులు తీసేసి పెళ్ళిళ్ళకూ జాతరలకూ తిరుగుతున్నారు, వేసుకున్నవాళ్ళు తక్కువ. ముక్కులో పుట్టే రక్షణ ఎంతకాలం నిలుస్తుంది, దాన్ని రక్తం పరీక్షలా తేలిగ్గా కొలవడం ఎలా అన్న రెండు ప్రశ్నల మీద ప్రయోగశాలల్లో పని సాగుతోంది.

(వచ్చే భాగంలో: 1897లో బొంబాయి ప్లేగు రోజుల్లో, తాను చేసిన టీకాను మొదట తనకే వేసుకున్న వాల్డెమర్ హాఫ్‌కిన్)